పోయిండు

పెళ్ళయిన నాలుగో రోజునే నేను విధవనైపోయానని మా అమ్మ నమ్మింది. పాపం, ఎంతోసేపు కాదు, ఓ నలభై సెకన్లు.

ఆ పూట నేను స్నానం చేస్తున్నాను. నా ఫోన్ మోగుతూంటే మా అత్తమ్మ ఇందిరమ్మ తీసింది. తణుకు నుంచి మా అమ్మ. "అల్లుడుగారు బాగున్నారా వదినగారూ?" అని మర్యాదగా అడిగింది.

"ఆశేర్ పొద్దుగాలనే పోయిండు వదినా," అంది అత్తమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ.

మా గోదావరి వైపు మనిషి ఆఫీసుకు వెళ్తాడు, ఊరికి వెళ్తాడు, సినిమాకి వెళ్తాడు. "పోయాడు" అన్నామంటే ఇక పాస్టరుగారికి కబురు పెట్టాల్సిందే. ఇక్కడ శంషాబాద్ వైపు మనిషి డ్యూటీకి పోతాడు, అంగడికి పోతాడు, పెళ్ళికి కూడా పోతాడు. ఈ సంగతి మా అమ్మకు ఎవరూ చెప్పలేదు.

"అయ్యో దేవుడా! ఎలా పోయారండీ?"

"ఎట్లేంది, బండి మీదనే పోయిండు."

"ఎవరు గుద్దారండీ?"

"ఎవరు గుద్దుతరు? రోజు గట్లనే పోతడు."

"రోజు" అన్న మాట దగ్గర మా అమ్మకు ప్రాణం లేచొచ్చింది. నేను తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి ఇటు అత్తమ్మ, అటు అమ్మ ఒకరిని మించి ఒకరు నవ్వుతున్నారు. చచ్చి బతికిన మా ఆయన మాత్రం అప్పటికి ఎయిర్‌పోర్టులో సామాను బెల్టు కింద దూరి ఏదో బోల్టు బిగిస్తున్నాడు.

మా పెళ్ళయి ఇప్పటికి ఏడు నెలలు. శంషాబాద్ పక్కనే సాతంరాయిలో మా డాబా ఎక్కితే విమానాలు దిగడానికి ఒక పక్కకు వంగడం కనిపిస్తుంది. ఏ తోక ఏ కంపెనీదో ఆశేర్ నేర్పాడు. తప్పు చెబితే చెవి మెలిపెడతాడు. నాకు అన్నీ వచ్చేశాయి కానీ రోజుకొకటి తప్పు చెబుతూనే ఉన్నాను.

నేను ఇంగ్లీషులో ఎం.ఏ. చేశాను. పరాయి భాషల సీరియళ్ళకు తెలుగు మాటలు రాయడం నా పని. మా స్టూడియో కాటేదాన్‌లో, ఒకప్పటి బిస్కెట్ల కార్ఖానా గోదాములో ఉంది. గోడలు మందంగా ఉంటాయి కాబట్టి బయటి చప్పుడు లోపలికి రాదు. వాన పడితే మాత్రం ఆ గోడల్లోంచి ఇప్పటికీ బిస్కెట్ల వాసన వస్తుంది. వాన పడితే బాగుండునని రోజూ అనుకుంటాను.

ఆ స్టూడియోలో నా చేతికొచ్చిన మొదటి పెద్ద పని "రెక్కల రాయుడు" నాలుగో సీజన్. రాయుడు ఎగిరే మనిషి. రైళ్ళను ఎత్తుతాడు, వంతెనలను మోస్తాడు. మొదటి మూడు సీజన్లు ఇంకో రచయిత రాశారు. వాటిలో రాయుడు మేఘాల్లోంచి దిగి, "భయము వలదు, నేనున్నాను" అన్న ధోరణిలో మాట్లాడేవాడు. నాలుగో సీజన్‌లో కథ మారింది. రాయుడికి ఎగిరే శక్తి తగ్గిపోతూ వస్తుంది. మొదట రోజుకు గంట, తర్వాత అరగంట, చివరికి నిమిషాలు. మిగతా పొద్దంతా అతను తన అసలు పని చేసుకుంటాడు. లిఫ్టులు బాగుచేస్తాడు, తల్లిలేని ఏడేళ్ళ కూతురు మిన్నుకి జడలు వేస్తాడు.

చేతులకు గ్రీజు అంటించుకునే మనిషి "భయము వలదు" అని ఎందుకంటాడు? మా ఇంట్లోనే ఒక మెకానిక్ ఉన్నాడు, రోజంతా మాట్లాడుతూనే ఉంటాడు. ఆశేర్ మాటలన్నీ తీసుకెళ్ళి రాయుడి నోట్లో పెట్టేశాను. "జర ఆగు, వస్తున్న." "పరేషాన్ గాకు." డబ్బింగ్ డైరెక్టర్ మధుగారిది రాజమండ్రి. నేను రాసింది చదివి కాసేపు ముక్కు గోక్కున్నారు. "ప్రయత్నిద్దాం వినీల గారూ," అన్నారు చివరికి.

సీజన్ విడుదలైన శనివారం మా హాలు నిండిపోయింది. పక్కింటి సక్కుబాయి పెద్దమ్మ తన పీట తనే తెచ్చుకుంది. ఆరో భాగానికల్లా ఆవిడ ఓపిక అయిపోయింది.

"ఏందే కోడలా గిది? అప్పుడు రైలునెత్తిండు, బ్రిడ్జినెత్తిండు. గిప్పుడు పొద్దటిసంది లిఫ్టు తలుపే తీస్తున్నడు!"

"తీయనీ," అంది అత్తమ్మ. "గది గూడ పనే గద. మా ఆశేర్ బెల్టు కింద దూరితే ఎవరన్న సప్పట్లు గొడ్తున్నరా?"

"నీ కొడుకు ఎగురుతనని జెప్పలే గద ఇందిరా! గీనె జెప్పిండు."

ఆశేర్ డ్యూటీలోనూ ఇదే గొడవ. సగం మందికి రాయుడు తమ షిఫ్టులో మనిషిలా అనిపించాడు. మిగతా సగానికి మోసపోయినట్టు ఉంది. ఇంటర్నెట్‌లో ఎవరో "ఆకాశం తక్కువ, అపార్ట్‌మెంట్ ఎక్కువ" అని రాశారు. ఎంత నవ్వానంటే దాన్ని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించాను. ఇంకెవరో "మా నాయన మొదటిసారి మాతోని కూసోని సూసిండు" అని రాశారు. దాన్ని దాని పక్కనే అతికించాను. రెండూ నావే. రెండిటికీ నేను భయపడలేదు.

ఆఖరి భాగం చివర్లో "తెలుగు మాటలు: వినీల" అని రెండు సెకన్లు పడుతుంది. ఆశేర్ అక్కడ ఆపి, టీవీ పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీశాడు. ఆ ఫోటోలో అత్తమ్మ లేదు. అప్పటికే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎక్కడ లేచిందో నేను చూశాను. ఆ ఆఖరి సన్నివేశం ఇది: కాలిపోతున్న ఒక పెద్ద మేడ వైపు రాయుడు ఎగురుతాడు. అతనికి మిగిలింది నాలుగు నిమిషాలే. పొగ కమ్మేస్తుంది. తెల్లారి ఎవరో తలుపు కొడితే మిన్ను తీస్తుంది. "మీ నాయన ఏడమ్మా?" అని పక్కింటామె అడుగుతుంది. మిన్ను ఒకే ఒక్క మాట అంటుంది. తెర నల్లబడిపోతుంది.

మూలభాషలో ఆ మాటకు వెళ్ళాడనే అర్థమూ ఉంది, ఇక లేడనే అర్థమూ ఉంది. ఏ అర్థంలో అందో తీసినవాళ్ళు చెప్పలేదు. ఆ పిల్ల పెదాలు ఒకసారి కలిసి, గుండ్రంగా విచ్చుకుంటాయి, అంతే. "వెళ్ళిపోయాడు" పెడితే నోరు మూసుకున్నాక కూడా గొంతు వినిపిస్తోంది. ఆ మాట రాసేటప్పుడు రెండు రోజులు తల పట్టుకున్నాను. మూడో రోజు మా గేటు దగ్గర ఎవరో ఆశేర్ కోసం వచ్చి పిలిచారు. అత్తమ్మ వంటింట్లోంచే ఒక్క మాట విసిరింది.

"పోయిండు!"

ఎగిరి గంతేసి అత్తమ్మను వాటేసుకున్నాను. పెదాలకు సరిపోయింది. రెండు అర్థాలూ ఉన్నాయి. నలభై సెకన్ల వైధవ్యం అనుభవించిన దాన్ని, నాకు తెలియదూ!

నేను చేసిన పొరపాటల్లా ఒకటే. అందరికీ రెండు అర్థాలూ వినిపిస్తాయనుకున్నాను. ఎవరికీ రెండూ వినిపించలేదు. ఎవరిది వాళ్ళు విన్నారు.

తణుకు నుంచి మా అమ్మ ఫోన్ చేసి, "పసిపిల్లని అనాథని చేసేశావేంటే? చేతులెలా వచ్చాయే నీకు?" అని నిజంగా ఏడ్చింది. తణుకులోని మా చర్చి యువజనుల గ్రూపులో రాయుడి బొమ్మకు దండలేశారు. ఇక్కడ శంషాబాద్‌లో ఒక్కరు కూడా ఏడవలేదు. "ఎటు పోయిండు అంటవ్?" అని ఎయిర్‌పోర్టు షిఫ్టంతా వాదించుకుంటోంది. రాయుడు సముద్రం దాటి పోయాడని ఒకరు, శక్తి తెచ్చుకోవడానికి కొండల్లోకి పోయాడని ఇంకొకరు. ఈ రెండు రకాల జనమూ ఇంటర్నెట్‌లో ఎదురుపడ్డారు. ఆ తర్వాత జరిగింది యుద్ధమే.

బుధవారం మధుగారు ఫోన్ చేశారు.

"సీరియల్ వేసేవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందండీ. సగం మంది చచ్చాడంటున్నారు, సగం మంది వెళ్ళాడంటున్నారు, ఇదేం తెలుగు అని అడుగుతున్నారు. శుక్రవారం ఆ ఒక్క మాట మళ్ళీ రికార్డు చేసి పంపాలి. ఒకే అర్థం రావాలి. వాళ్ళే ఒకటి సూచించారు కూడా."

"ఏమిటండీ?"

"ఎగిరిపోయాడు."

"మధు గారూ, పిచ్చుకా అండీ అది?"

"నాకూ నచ్చలేదండీ. కానీ మనం మార్చకపోతే అయిదో సీజన్ పాత రచయితగారికే ఇచ్చేస్తామన్నారు. ఆలోచించుకోండి."

ఆలోచించాను. అయిదో సీజన్ నాకు కావాలి. రాయుడు ఉన్నాడో లేడో ప్రపంచానికంటే ముందు నాకు తెలియాలి. ఆ రెండు సెకన్ల పేరు మళ్ళీ పడాలి, ఈసారి ఫోటోలో అత్తమ్మ కూడా ఉండాలి. కానీ ఆ మాట కూడా నాకు కావాలి. ఒకటి పట్టుకోవాలంటే ఇంకొకటి వదలాలట. అలా ఎందుకు వదలాలో నాకు అర్థం కాలేదు.

గురువారం ఆశేర్‌కి సెలవు. సాయంత్రం ఎండ వాలుతుండగా బండి మీద హిమాయత్ సాగర్ కట్టకు వెళ్ళాం. కాల్చిన కంకి ఒకటే కొన్నాం. చెరో పక్క నుంచి తింటే మధ్యలో కలుస్తామని నా లెక్క. సగంలో ఉండగా సంగతంతా చెప్పాను. ఆశేర్ తినడం ఆపేశాడు.

"వినీ, అమ్మ ఎందుకు లేచిపోయిందో ఎరికేనా?"

"నచ్చలేదేమో అనుకున్నా."

"నాకు ఆరేండ్లున్నప్పుడు బాపు కాటేదాన్ల పనిచేస్తుండె. ఒకనాడు డ్యూటీల గుండె ఆగిపోయింది. దవాఖాన కాడి నుంచి అమ్మ ఒక్కతే వచ్చింది. నన్ను ముందట కూసోబెట్టుకొని 'మీ బాపు పోయిండు బిడ్డా' అన్నది." కంకిని అటూ ఇటూ తిప్పాడు. "నేనేమనుకున్న? డ్యూటీకి పోయిండు అనుకున్న. రోజు పోతడు గద. పొద్దుమీకి బెంగుళూరు రోడ్డు మీదికి పోయి నిలబడ్డ, బాపు సైకిల్ వస్తదని. సక్కుబాయి పెద్దమ్మ వచ్చి ఎత్తుకపోయింది."

నేను దగ్గరికి జరిగి తన భుజానికి ఆనుకున్నాను.

"నేను నీకెన్నడు చెప్పలే," అన్నాడు. "ఆ పోరి తలుపు తీసి గదే మాట అంటే, నీకెవరన్న జెప్పిండ్రా అనుకున్న."

మామయ్య తోమాసు ఫోటో మా హాల్లో టీవీకి పైనే ఉంటుంది. ఆ ఫోటో కింద కూర్చుని ఆ మాటను నేను అందరికీ వినిపించాను. ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. తెల్లారగానే వంటింట్లోకి వెళ్ళి అత్తమ్మ పక్కన నిలబడ్డాను.

"అత్తమ్మా, ఇవాళ ఆ మాట మార్చేస్తాను. మిమ్మల్ని బాధపెట్టాను."

"ఏం మాట?"

"పోయిండు అన్నది."

అత్తమ్మ రొట్టె పెనం మీద వేసి, చేతులు దులుపుకుంది. "మార్చి ఏం పెడ్తవ్?"

"చచ్చిపోయాడనో, వెళ్ళిపోయాడనో. ఏదో ఒకటే తెలిసేలా."

"సచ్చిపోయిండని చిన్నపోరగానికి ఎట్ల జెప్తవ్ బిడ్డా? నోరు వస్తదా? ఊరికి పోయిండంటే అబద్ధమైతది, రేపు వాడే అడుగుతడు." రొట్టె తిప్పింది. "ఆ పొద్దు బస్సుల కూసోని తొవ్వంత దేవులాడుకున్న, ఏమని జెప్పాలె అని. నాకు గదొక్కటే మాట దొరికింది. గంతకన్న మంచిది నీకు దొరికితే పెట్టు."

"మరి ఆ రోజు కోపంతో లేచిపోలేదా?"

"కోపమేంది? పాలు పొంగుతున్నయని లేచిన."

"పొయ్యి మీద పాలే లేవత్తమ్మా."

"ఊకో ఇగ. రొట్టె తిను," అంది. మొదటి రొట్టె, ఉబ్బినది, నాకే పెట్టింది.

ఆ రొట్టె తిన్నాక నాకు ఏ అనుమానమూ మిగల్లేదు. బస్సెక్కి కాటేదాన్‌లో దిగేసరికి, ఆ మాట ఎందుకు ఉండాలో నాకు తెలుసు. ఎలా ఒప్పించాలో మాత్రమే తెలియదు.

స్టూడియోలో మిన్నుకు గొంతు ఇచ్చే ప్రియదర్శిని అప్పటికే వచ్చేసింది. ఆవిడకు నలభై దాటాయి, ఇద్దరు కాలేజీ పిల్లల తల్లి. మైకు ముందు నిలబడి గొంతు కాస్త పైకి లాగితే చాలు, ఏడేళ్ళది అయిపోతుంది. తెర మీద మిన్ను తలుపు తీసింది. ప్రియదర్శిని "ఎగిరిపోయాడు" అంది. మిన్ను నోరు "ఎగి" దగ్గరే మూసుకుంది, మిగతాదంతా గాల్లోంచి వచ్చినట్టు వినిపించింది.

"ఇంకాస్త వేగంగా అనండి," అన్నారు మధుగారు గాజు వెనక నుంచి.

వేగంగా అంటే తిట్టులా వచ్చింది. నెమ్మదిగా అంటే పాటలా వచ్చింది. ఏడోసారికి ప్రియదర్శిని మైకు ముందునుంచి పక్కకు జరిగి, "మధు సార్, నాయన ఎగిరిపోయిండా, గాలి బుగ్గ ఎగిరిపోయిందా? జర ఒక్కటి జెప్పుండ్రి, గట్లనే ఏడుస్త," అంది.

మధుగారు నవ్వలేదు. "భోంచేసి చూద్దాం," అన్నారు.

గోదాము ముందు గదిలో ముగ్గురం డబ్బాలు విప్పాం. నేను పప్పన్నం కలుపుకున్నాక సరిగ్గా ఒంటిగంటకు నా ఫోన్ మోగింది. నేను తిన్నానో లేదో కనుక్కోకుండా అత్తమ్మకు ముద్ద దిగదు. చేతికి పప్పు ఉంది కాబట్టి మోచేత్తో నొక్కి, స్పీకర్‌లో పెట్టాను. అత్తమ్మ డాబా మెట్లు ఎక్కుతోందేమో, గస పెడుతోంది.

"వినీలా... ఆశేర్ పోయిండు బిడ్డా..."

అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

మధుగారి చేతిలో చెంచా డబ్బాలో పడింది. కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డారు. ముఖం పాలిపోయింది. ఒక చెయ్యి నా భుజం వైపు వచ్చి, మధ్యలోనే ఆగిపోయింది.

"...టిఫిన్ డబ్బ ఈడనే ఇడ్సిపెట్టి పోయిండు. ఆకలితోని ఏం బోల్ట్లు బిగిస్తడు? వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్ గేట్ కాడ ఏమన్న కొనిచ్చి రా. నువ్వు తిన్నవా?"

"తింటున్నానత్తమ్మా," అన్నాను.

ప్రియదర్శిని బల్ల మీద తల ఆనించి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఊగిపోతోంది. మధుగారు మెల్లగా కూర్చుని, నీళ్ళు తాగారు.

"ఏమండీ, మీ ఇంట్లో రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతే. మధు గారూ, మీరు ఎంతసేపు భయపడ్డారు?"

"ఏమో. రెండు సెకన్లు. మూడేమో."

"ఆ మూడు సెకన్లు ఏమనిపించింది?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. నిజాయితీ గల మనిషి. "ఉన్నాడో లేడో తెలియలేదు," అన్నారు. "అడగాలంటే భయమేసింది."

"మిన్నుకి కూడా తెలియదు సార్. తలుపు దగ్గర నిలబడ్డ పిల్లకు తెలిసింది అంతే. మీరు మూడు సెకన్లు ఉన్న చోట ఆ పిల్ల ఒక సీజనంతా ఉంటుంది. మనం ఒకే అర్థమొచ్చే మాట పెడితే ఆ పిల్లకంటే మనకు ఎక్కువ తెలిసినట్టు. మనకు తెలియదు కదా?" తర్వాత, అత్తమ్మ అనుమతి లేకుండానే, బెంగుళూరు రోడ్డు మీద సైకిల్ కోసం నిలబడ్డ ఆరేళ్ళ కుర్రాడి గురించి చెప్పాను.

మధుగారు డబ్బా మూత పెట్టేశారు. లోపలికి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని, సీరియల్ వేసేవాళ్ళకు ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. రాస్తూ మధ్యలో తలెత్తి, "ఆశేర్ గారు నిజంగా డ్యూటీకే వెళ్ళారు కదండీ?" అని అడిగారు.

"డ్యూటీకే పోయిండు సార్," అంది ప్రియదర్శిని.

జవాబు సోమవారం వచ్చింది. మాట అలాగే ఉంచుకోవచ్చట. రాయుడు సీజన్ మొత్తంలో పద్నాలుగుసార్లు "పరేషాన్" అన్నాడట, అయిదో సీజన్‌లో ఆ సంఖ్య తగ్గించి రాయాలట. "రాయాలట" అన్న మాట నాకు మూడోసారి చదివితే గానీ వెలగలేదు. రాయాల్సింది నేనే! స్టూడియో మెట్ల మీద కూర్చుని ఆశేర్‌కి ఫోన్ చేస్తే బెల్టుల రొదలో అతనికి సగం వినిపించలేదు. అయినా సగం విని సంబరపడ్డాడు.

ఇంటికి వచ్చి చెబితే అత్తమ్మ "మంచిగైంది" అని, చెయ్యి తుడుచుకుని, హాల్లోకి వచ్చి కూర్చుంది. మామయ్య ఫోటో వైపు ఒకసారి చూసింది.

"గా ఆఖరిది పెట్టు బిడ్డా. నాడు మొత్తం సూడలే."

సక్కుబాయి పెద్దమ్మ ఎలా పసిగట్టిందో, పీటతో సహా వచ్చేసింది. మేడ కాలింది, పొగ కమ్మింది, తెల్లారింది. మిన్ను తలుపు తీసింది. అత్తమ్మ లేవలేదు. తెర మీది పక్కింటామె అడిగింది. సరిగ్గా మిన్ను పెదాలు కలిసిన క్షణాన ఏదో విమానం పైకి లేచి మా ఊరి వైపు తిరిగింది. ఆ మోతలో మాట మునిగిపోయింది. తెర నల్లబడింది.

"ఇనరాలే," అంది అత్తమ్మ.

"ఇన్నా ఇనకున్నా ఏమున్నది," అంది సక్కుబాయి. "వస్తడా రాడా జెప్పు కోడలా. రాసేదానివి నీకు ఎరికే ఉంటది."

"తెల్వదు పెద్దమ్మా," అన్నాను. నా నోట ఇక్కడి మాట అంత సహజంగా వచ్చినందుకు నాకే ముచ్చటేసింది.

అత్తమ్మ రిమోట్ నా చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఇంకాస్త ముందుకు జరిగి కూర్చుంది.

"మల్లొక్కపారి పెట్టు," అంది. "జర సౌండు ఎక్కువ పెట్టు."